కాలువ నిండుగానే ఉంది, శివారు తడిసిందా?

నెట్‌వర్కుల పనిలో ఉన్నవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. లింకు మొత్తం మీద ఎంత వాడుతున్నామో చూసుకుంటే చాలా, లేక అందులో మాటకెంత, వీడియోకెంత, ఫైళ్లకెంత అని క్లాసుల వారీగా విడదీసి చూడాలా? ఈ వాదనలో నేను రెండు పక్కలా కూర్చున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంవాదంలోని మేనేజరు మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ని. తర్వాత్తర్వాత ఇంజనీరు చెప్పేది నిజమని పనిలోనే తెలుసుకున్నాను. ఇద్దరి మాటకూ న్యాయం చేయగలనన్న ధైర్యంతో ఈ సంవాదం రాస్తున్నాను.

చోటు ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రి. దానికి పల్లెల్లో మూడు చిన్న కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రం నుంచి ఆసుపత్రికి 50 ఎంబీపీఎస్ లింకు ఒకటి. డాక్టరు చూసే వీడియో, ఫోన్లు, బిల్లింగు, రోగుల రికార్డులు, సీసీ కెమెరాల రికార్డింగు, రాత్రి బ్యాకప్పు, అన్నిటికీ ఆ ఒక్కటే దారి.

ఆ రోజు ఉదయం ఒక కేంద్రంలో ఏడో నెల గర్భిణి ఇక్కడి డాక్టరమ్మతో వీడియోలో మాట్లాడుతోంది. ‘‘కాళ్ల వాపు ఎన్నాళ్ల నుంచి?’’ అని డాక్టరమ్మ అడిగింది. అటువైపు పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. మళ్లీ అడిగితే చివర ‘‘రోజుల నుంచి’’ అన్నది మాత్రం వినబడింది. రెండు రోజులా, పన్నెండు రోజులా? చివరికి అక్కడి నర్సు తన సొంత ఫోను తీసి కలిపి మాట్లాడించింది. తర్వాత ఫిర్యాదుల రిజిస్టరులో ఒక్క వాక్యం రాసింది: ‘‘మాట తెగిపోతోంది.’’

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి సర్వర్ గదిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్న మేనేజరు. ఇంకొకరు ఆయన దగ్గర పనిచేసే ఇంజనీరు.

మేనేజరు: ఇదిగో అమ్మా, ఆ కేంద్రం గ్రాఫు చూడు. డాక్టరమ్మ వీడియో పదకొండుంబావుకి మొదలైందట. అప్పుడు 50లో 21 ఎంబీపీఎస్ వాడారు. సగం కూడా కాలేదు. లింకు అంత ఖాళీగా ఉంటే మాటెందుకు తెగుతుంది? మైకో హెడ్‌ఫోనో పాడై ఉంటుంది.

ఇంజనీరు: మైకు మార్చి చూశాం సార్, అదే వరస. అసలు ఆ 21 అన్నది 5 నిమిషాల సగటు. 300 సెకన్లలో 100 సెకన్లు లింకు 50కి 50 నిండిపోయి, మిగతా 200 సెకన్లు ఆరున్నర మీద నడిచినా సగటు 21కే వస్తుంది. మీరే లెక్క వేయండి. వాపు గురించి ఆవిడ చెప్పింది ఆ 100 సెకన్లలోనే అయితే, ఈ గీతలో మనకేం కనబడుతుంది?

మేనేజరు: (కాగితం మీద వేసి చూసి) నిజమే, 21 వస్తోంది. ఈ 5 నిమిషాల అలవాటు పాతదమ్మా. 1995లో టోబీ ఓటికర్ ఇంగ్లండులో డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలో ఉండగా ఎంఆర్‌టీజీ రాశాడు. అంతమంది జనానికీ అక్కడున్నది ఒక్క 64 కేబీపీఎస్ లైను. 5 నిమిషాలకోసారి రౌటరును అడిగి గీత గీసే ప్రోగ్రాము అది. మా తరమంతా ఆ గీతలు చూసే పని నేర్చుకుంది. సరే, ఇకమీదట 30 సెకన్లకోసారి అడుగుదాం. అంతటితో పోయేదానికి మళ్లీ క్లాసులెందుకు?

ఇంజనీరు: 30 సెకన్లకు అడిగితే లింకు నిండిందని తెలుస్తుంది. బస్సు నిండిందని తెలియడం వేరు, ఎక్కలేక స్టాండులో మిగిలిపోయిందెవరో తెలియడం వేరు సార్. ఫోను మాట జీ.711 పద్ధతిలో పోతే సెకనుకు 50 ప్యాకెట్లు, ఒక్కోటి 200 బైట్లు, అంతా కలిపి 80 కేబీపీఎస్. 50 ఎంబీపీఎస్ లింకులో అది ఏ మూలకీ రాదు. ఆ మాట పూర్తిగా ఆగిపోయినా మొత్తం గ్రాఫులో గీత వెంట్రుక వాసి కూడా కదలదు. అందరినీ కలిపి కొలిస్తే మనిషి గొంతు లెక్కలోకే రాదు.

మేనేజరు: ఆ 100 సెకన్లూ నింపిందెవరంటావు?

ఇంజనీరు: నా అనుమానం కెమెరా రికార్డరు మీద. గంటకోసారి తన ఫైలు ఇక్కడికి పంపుతుంది. 625 మెగాబైట్ల ఫైలైతే 50 ఎంబీపీఎస్ మీద సరిగ్గా 100 సెకన్లు పడుతుంది. కానీ అది అనుమానమే సార్, రుజువు లేదు. క్లాసుల వారీ లెక్క ఉంటే ఈపాటికి రుజువు ఉండేది.

మేనేజరు: ఒక మాట చెప్తా, కొట్టిపారేయకుండా విను. ఈ క్లాసులు, ముందువరసలు నేను చాలా చూశాను. 1998లో డిఫ్‌సర్వ్ వచ్చింది. ప్రతి ప్యాకెట్ నుదుటా 6 బిట్లలో ఒక గుర్తు పెట్టొచ్చన్నారు, 64 రకాలన్నారు. ఇక ఇంటర్నెట్ దశ తిరిగిందనుకున్నాం. అమెరికాలో విశ్వవిద్యాలయాలన్నీ కలిసి నడిపే ఇంటర్నెట్2 వాళ్లు క్యూబోన్ పేరుతో ప్రయోగం పెట్టి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మేలిరకం సేవ ఇవ్వాలని ఏళ్ల తరబడి శ్రమపడ్డారు. చివరికి 2002లో టైటెల్‌బౌమ్, షలునోవ్ అనే ఇద్దరు అందులోవాళ్లే, ఇది ఎందుకు అమలు కాలేదో, బహుశా ఎప్పటికీ ఎందుకు కాదో వివరంగా రాసి పెట్టారు. ఇన్ని తంటాలు పడేకంటే లింకు పెద్దది చేసుకోవడమే సులువు, చవక. నేనూ అదే అంటున్నా. 200 తీసుకుందాం, గొడవ వదిలిపోతుంది.

ఇంజనీరు: ఆ పత్రం నేనూ చదివాను సార్. వాళ్లన్నది వాళ్ల చోట నిజం. దేశం నడిమధ్య పోయే వెన్నెముక లింకులు ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటాయి. అక్కడ మేలిరకం సేవకూ మామూలు సేవకూ తేడా కనబడదు. మనం ఉన్నది చిట్టచివర, ఇరుకు సందులో. కేంద్రం లోపల స్విచ్చులు 1 జీబీపీఎస్ మీద నడుస్తాయి, బయటికి పోయే దారి 50. గరాటు మూతి పెద్దది, కాడ సన్నం. కాడను 200 చేసినా అది గరాటే.

మేనేజరు: కాడ నాలుగింతలైతే నిలవ కూడా తగ్గుతుంది కదా?

ఇంజనీరు: తగ్గుతుంది, కాదనను. రౌటరు క్యూలో 1 మెగాబైటు పేరుకుందనుకుందాం. 50 మీద అది ఖాళీ కావడానికి 160 మిల్లీసెకన్లు. మాట ఒకవైపు ప్రయాణానికి 150 మిల్లీసెకన్లు దాటకుంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫారసులో ఉంది. అంటే ఆ ఒక్క క్యూలోనే మన గడువంతా అయిపోతోంది. 200 మీదైతే 40 మిల్లీసెకన్లకు దిగుతుంది. మేలే. కానీ ఫైళ్లను మోసే టీసీపీ స్వభావం మారదు కదా సార్. 1988లో వాన్ జాకబ్సన్ దారి చూపినప్పటి నుంచీ దాని మామూలు పద్ధతి ఒక్కటే: ప్యాకెట్ పోయేదాకా వేగం పెంచుకుంటూ పోవడం, పోయాక తగ్గడం. ఎంత లింకిస్తే అంత నింపి చూస్తుంది. రేపు కెమెరాలు నాలుగు పెరిగితే? 200 కొనండి, నేను వద్దనను. కొన్నాక అది ఎవరికి పనికొచ్చిందో చెప్పగలమా అన్నదే నా ప్రశ్న.

మేనేజరు: సరే. కానీ నీకు గుర్తుందో లేదో, రెండేళ్ల కిందటే మనం మాటకు ముందుదారి ఇచ్చాం. ఫోన్లన్నీ ఈఎఫ్ గుర్తుతో పంపుతాయి, అంటే 46. రౌటర్లో దానికి వేరే క్యూ పెట్టి, అన్నిటికంటే ముందు అదే పోవాలని రాశాం. ఆ పని నేనే దగ్గరుండి చేయించాను. ఇచ్చేశాక ఇంకా కొలవడం ఎందుకు?

ఇంజనీరు: నేనూ ఇచ్చామనే అనుకున్నాను సార్. ఇవాళ పొద్దున ఆ కేంద్రం రౌటర్లోకి వెళ్లి క్లాసుల కౌంటర్లు తీశాను. చూడండి, మాట క్లాసులోకి వచ్చిన ప్యాకెట్లు: సున్నా.

మేనేజరు: (కళ్లజోడు సవరించుకుని) సున్నా ఏమిటి? రోజుకు ఎన్ని ఫోన్లు పోతున్నాయి అక్కణ్నుంచి?

ఇంజనీరు: పోతున్నాయి. అన్నీ మామూలు క్యూలో, కెమెరా ఫైళ్ల వెనకాల. ఫోను 46 అని రాసే పంపుతోంది. మధ్యలో ఉన్న స్విచ్చు ఆ గుర్తును నమ్మడం లేదు. నమ్మమని మనం దానికి చెప్పలేదు. అలాంటి స్విచ్చులో క్యూఓఎస్, అంటే ఈ ముందువరసల ఏర్పాటు, ఆన్ చేసి, ఫలానా పోర్టు నుంచి వచ్చే గుర్తును నమ్ము అని రాయకపోతే, దాన్ని తుడిచి సున్నా పెడుతుంది. రౌటరు దాకా వచ్చేసరికి డాక్టరమ్మ మాటకూ కెమెరా ఫైలుకూ తేడా లేదు. రెండేళ్లుగా మన ముందుదారి రౌటరు కాన్ఫిగరేషన్లోనే ఉంది, ఒక్క ప్యాకెట్ కూడా ఆ దారిన పోలేదు.

మేనేజరు: (కాసేపు మాట్లాడలేదు) రెండేళ్లు... ఆ రిజిస్టరులో పాత ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ప్రతిసారీ మైకు మార్చమన్నాను.

ఇంజనీరు: తప్పు మీ ఒక్కరిదే కాదు. రాసిన కాన్ఫిగరేషన్ తప్పు కాదు, స్విచ్చూ తనకు చెప్పినట్టే చేసింది. రెంటి మధ్యా పోతున్నది ఎవరూ చూడలేదు, అంతే. ముందుదారి ఇవ్వడమంటే మాటివ్వడం సార్. ఇచ్చిన మాట నిలిచిందో లేదో చూసుకోకపోతే అది నమ్మకంగానే ఉండిపోతుంది, సేవ కాదు.

మేనేజరు: ఒప్పుకున్నా. ఇంకో వైపు నుంచి అడుగుతాను. మూడో కేంద్రంలో మాట క్లాసులో ప్యాకెట్లున్నాయా?

ఇంజనీరు: ఉన్నాయి, ఉండాల్సిన దానికంటే ఎక్కువగా. అక్కడ పది ఫోన్లే. పదీ ఒకేసారి మాట్లాడినా 800 కేబీపీఎస్. క్లాసులో మాత్రం 6 ఎంబీపీఎస్ కనబడుతోంది. కెమెరాలు బిగించినవాళ్లు బొమ్మ బాగా రావాలని వాటికీ 46 పెట్టి వెళ్లారు. ముందువరసకు మనం 2 ఎంబీపీఎస్ హద్దు పెట్టాం కాబట్టి, రద్దీలో ఆ హద్దు దాటినవన్నీ పడిపోతున్నాయి. పడిపోయేవాటిలో కెమెరా బొమ్మలూ ఉన్నాయి, ఫోను మాటలూ ఉన్నాయి.

మేనేజరు: అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరని ఊరికే అన్నారా! ఇది పాత కథే. 1987లో అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ 56 కేబీపీఎస్ లింకులు కిక్కిరిసిపోతే, డేవిడ్ మిల్స్ తయారుచేసిన ఫజ్‌బాల్ రౌటర్లలో, కీబోర్డు ముందు కూర్చుని టెల్నెట్‌లో పనిచేసేవాళ్లకు ముందుదారి ఇచ్చారు. ఆ సంగతి బయట చాటలేదు. చాటితే ప్రతివాడూ తన ఫైలుకూ అదే గుర్తు తగిలిస్తాడు కదా.

ఇంజనీరు: వాళ్లు గుట్టుగా ఉంచి నెట్టుకొచ్చారు. మన ఆసుపత్రిలో గుట్టు పనికిరాదు సార్. ఎవరికి ముందుదారి ఇచ్చామో అందరికీ తెలియాలి. ఎవరు దుర్వినియోగం చేస్తున్నారో లెక్కల్లో కనబడాలి. క్లాసుల వారీ కొలత లేకుండా ఈ రెండోది ఎలా కుదురుతుంది?

మేనేజరు: కుదరదు సరే. మరి మోయగలమా? 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4594 పత్రంలో 12 సేవా క్లాసులు చెప్పారు. మనకు మూడు లింకులు, రెండు కొసలు కలిపి 6 ఇంటర్‌ఫేసులు. రావడం, పోవడం రెండూ కలిపి 12 క్లాసులకు, ఒక్కోదానికి వచ్చినవి, పోయినవి, పడినవి అని మూడేసి అంకెలైతే 432 గీతలు. ఉన్నది ముగ్గురం. అన్ని గీతలుంటే ఒక్క గీతా చూడం. నేనిదివరకు పనిచేసిన చోట సరిగ్గా ఇదే జరిగింది.

ఇంజనీరు: అక్కడ ఏం జరిగింది?

మేనేజరు: ఎనిమిది క్లాసులకు గ్రాఫులు పెట్టాం. ఒక రాత్రి కరెంటు పోయి రౌటరు రీబూట్ అయింది. రౌటరు నుంచి అంకెలు రాబట్టే ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతిలో క్లాసుల లెక్క అడిగేది పేరుతో కాదు, అంతర్గత సంఖ్యతో. రీబూట్‌తో ఆ సంఖ్యలు మారిపోయాయి. మూడు నెలలు మేం బ్యాకప్పు గీతను మాట గీతనుకుని చూశాం. మాట క్లాసు రాత్రుళ్లు ఎందుకంత పెరుగుతోందని మీటింగులు కూడా పెట్టుకున్నాం. అందుకే చెప్తున్నా, తప్పుడు కొలత కంటే కొలత లేకపోవడమే నయం.

ఇంజనీరు: మీ అనుభవం వల్లే ఇప్పుడు మనం జాగ్రత్తపడొచ్చు సార్. సంఖ్యను గుర్తుపెట్టుకోకుండా ప్రతిసారీ పేరును వెతికి, ఆ పేరుకున్న సంఖ్యను తెచ్చుకునేలా స్క్రిప్టు రాద్దాం. కొన్ని రౌటర్లలో రీబూట్ అయినా ఆ సంఖ్యలు నిలిచేలా చేసే సెట్టింగు ఉంటుంది, ఉన్నచోట పెడదాం. ఇంకోటి, పాత 32 బిట్ల కౌంటర్లు వద్దు. లోపలి 1 జీబీపీఎస్ పోర్టు మీద అవి 34 సెకన్లలో చుట్టు తిరిగి మళ్లీ సున్నాకొస్తాయి. 64 బిట్ల కౌంటర్లే తీసుకుందాం. కాన్ఫిగరేషన్ ముట్టుకున్న ప్రతిసారీ ఒక ఫోన్ కాల్ చేసి, మాట క్లాసులో సెకనుకు 50 ప్యాకెట్లు పెరిగాయో లేదో కళ్లతో చూసి గానీ లేవొద్దు.

మేనేజరు: 432 గీతల సంగతి?

ఇంజనీరు: అక్కడ మీ మాటే నెగ్గాలి. పన్నెండు వద్దు, నాలుగే. మాట, వీడియో, మామూలు పని, ఎప్పుడు పోయినా పర్లేదనుకునేవి. వైఫైలో కూడా ఉన్నవి ఈ నాలుగు వరసలే కాబట్టి నర్సుల చేతిలో టాబ్లెట్ నుంచి రౌటరు దాకా ఒకే భాష ఉంటుంది. బిల్లింగు, రికార్డులు మామూలు పనిలో. కెమెరా ఫైళ్లు, బ్యాకప్పు చిట్టచివర. ఇక క్యూ పేరుకునేది బయటికి పోయే వైపే కాబట్టి రావడాన్ని వదిలేద్దాం. 6 ఇంటర్‌ఫేసులకు 6 బొమ్మలు, ఒక్కో బొమ్మలో నాలుగు పట్టీలు. గోడ మీద ఒక్క తెర సరిపోతుంది.

మేనేజరు: ఆరు బొమ్మలైతే టీ తాగుతూ చూసేయొచ్చు. కానీ అలారాలు? ప్యాకెట్ పడిందల్లా ఫోను మోగితే వారంలో అందరం సైలెంట్‌లో పెట్టేస్తాం.

ఇంజనీరు: క్లాసులుగా విడదీయడంలో అసలు లాభం అక్కడే ఉంది సార్. ఒకే అంకెకు ఒక్కో క్లాసులో ఒక్కో అర్థం. బ్యాకప్పులో ప్యాకెట్లు పడటం రోగం కాదు. టీసీపీకి దారి ఎంత వెడల్పో తెలిసేది అలా పడినప్పుడే. అక్కడ అలారం వద్దు. తెల్లారేసరికి బ్యాకప్పు పూర్తి కాకపోతేనే చెప్పాలి. మాటలో అయితే పడిన ప్యాకెట్ మళ్లీ రాదు, వచ్చినా ప్రయోజనం లేదు, ఆ అక్షరం దాటిపోయింది. అక్కడ పడటం మొదలైతే వెంటనే తెలియాలి. మొత్తం డ్రాపులు ఒకే గీతలో కలిపేస్తే బ్యాకప్పు తాలూకు వేల డ్రాపుల కింద మాట తాలూకు ఇరవై డ్రాపులు పూడిపోతాయి. ఆ ఇరవైలోనే ‘‘పన్నెండు’’ అన్న మాట ఉండొచ్చు.

మేనేజరు: (మెల్లగా) ఉండొచ్చు. ఇంకో చిక్కుంది. కౌంటరు పడినవాటిని లెక్కపెడుతుంది. పడకుండా ఆలస్యమైనవాటి మాటేమిటి? 300 మిల్లీసెకన్లు క్యూలో నిలబడి చేరిన ప్యాకెట్‌ను నీ కౌంటరు శుభ్రంగా చేరిందనే రాస్తుంది.

ఇంజనీరు: అది గట్టి ప్రశ్న సార్, దానికి కౌంటర్లు చాలవు. కేంద్రం నుంచి ఇక్కడికి సెకనుకోసారి పరీక్ష ప్యాకెట్లు పంపాలి. ఒకటి 46 గుర్తుతో, ఒకటి గుర్తు లేకుండా. రెండూ ఎంతసేపట్లో చేరాయో పక్కపక్కన గీయాలి. దీనికి టీవాంప్ అనే ప్రమాణం 2008 నుంచే ఉంది. రద్దీలో గుర్తున్నది త్వరగా వచ్చి, లేనిది ఆలస్యమైతే మన ముందుదారి పనిచేస్తోందన్నమాట. రెండూ కలిసి ఆలస్యమైతే గుర్తు దారిలో ఎక్కడో చెరిగిపోతోంది. రెండేళ్లు మనకు తెలియనిది అప్పుడు రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

మేనేజరు: పద్ధతి బాగుంది. ఇక నన్ను నిజంగా బాధించే విషయం అడుగుతాను. ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చడానికి మనమెవరం? 2016 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ డేటా ధరల్లో వివక్ష కూడదంది. 2018లో కేంద్ర ప్రభుత్వం నెట్ న్యూట్రాలిటీ నియమాలకు ఆమోదం తెలిపింది. దేశమంతా అన్ని ప్యాకెట్లూ సమానమంటుంటే మనం ఇంట్లో వరసలు పెడుతున్నాం. రేపు పైవాళ్లెవరో తమ మీటింగు వీడియో ముందుండాలంటారు. కాదనగలమా?

ఇంజనీరు: ఆ నియమాలు ఊరందరికీ కనెక్షన్లు అమ్మే కంపెనీలకు. ఇది మన ఇంటి దారి, ఇంట్లో జబ్బుమనిషికి ముందు అన్నం పెట్టడం వివక్ష కాదు. అయినా మీ భయం నిజమే. అందుకే వరసలు మనమిద్దరం తేల్చొద్దు. డాక్టర్లు, నర్సులు, బిల్లింగువాళ్లు కూర్చుని కాగితం మీద రాయాలి. క్లాసుల వారీ లెక్క ఆ కాగితానికి సాక్షి. ఎవరైనా తమ వీడియో ముందుకు జరపమంటే, జరిపితే బిల్లింగు కౌంటరు దగ్గర ఎంత ఆలస్యమవుతుందో చూపించి అడగొచ్చు. అంకె చేతిలో ఉంటే చిన్న ఉద్యోగి కూడా మర్యాదగా కాదనగలడు.

మేనేజరు: ఈ లెక్కల పేరుతో ఎవరు ఎవరితో మాట్లాడారో కూడా బయటపడదు కదా? నర్సులు ఖాళీ దొరికినప్పుడు ఇళ్లకు ఫోన్లు చేసుకుంటారు. వాళ్ల మీద నిఘా పెట్టినట్టయితే నేను ఒప్పుకోను.

ఇంజనీరు: మీరు ఇది అడగడం నాకు సంతోషం. ఎవరి నుంచి ఎవరికి పోయిందో తెలిపేది నెట్‌ఫ్లో లాంటి పద్ధతి. అది రోజూ వద్దు. క్లాసు కౌంటరుకు పేర్లు తెలియవు. ఈ వరసలో ఇన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఇన్ని పోయాయి, ఇన్ని పడ్డాయి, అంతవరకే దానికి తెలుసు. మనుషుల్ని వదిలేసి మాటను మాత్రం కాపాడే కొలత ఇది.

మేనేజరు: అయినా ఒక నిజం మిగిలే ఉందమ్మా. క్యూఓఎస్ కొత్తగా ఒక్క బిట్టునూ పుట్టించదు. ఒకరికి ముందుదారి అంటే ఇంకొకరిని వెనక్కి నెట్టడమే.

ఇంజనీరు: అవును సార్. అందుకే మనం మొదట చూడాల్సింది మామూలు పని పట్టీ అంటాను. మాట బాగుందని సంబరపడే ముందు, దానికోసం ఎవరి దగ్గర్నుంచి ఎంత తీసుకున్నామో చూసుకోవాలి. మామూలు క్లాసు ఊపిరాడక కొట్టుకుంటుంటే అప్పుడు మీరన్న 200 కొనాల్సిందే. అప్పుడు కొంటున్నది ఎందుకో కాగితం మీద చూపించి కొంటాం.

మేనేజరు: (కుర్చీలో వెనక్కి వాలి) మాది రేపల్లె వైపు. కృష్ణా కాలువకు మాది శివారు భూమి. నా చిన్నప్పుడు బ్యారేజీ దగ్గర కాలువకు ఇన్ని క్యూసెక్కులు వదిలారని పేపర్లో వచ్చేది. తలకాడ కొలతబద్ద చూస్తే కాలువ నిండుగానే ఉండేది. మా చేలో మాత్రం నెర్రెలు. పైవాళ్లంతా తడుపుకోగా మిగిలితే మాకు. ఆఫీసుకు పోయి అడిగితే, నీళ్లు వదిలాం చూడండని పుస్తకం తీసి చూపించేవాళ్లు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వదిలిన మాట నిజమే.

ఇంజనీరు: మరి మీ నాన్నగారు ఏం చేసేవారు?

మేనేజరు: సైకిలేసుకుని గట్టు వెంట వెళ్లి, మా బోదెలో కర్ర గుచ్చి, తడి ఎంత వరకు వచ్చిందో వేలితో పట్టుకుని చూసేవాడు. రోజూ పొద్దున, సాయంత్రం. ఏ రోజు ఎంత వచ్చిందో గోడ మీద బొగ్గుతో రాసేవాడు. ఒకసారి పెద్ద అధికారి వస్తే గోడ దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. ఆ ఏడు మాకు వంతు తేదీ మార్చారు. (ఆగి) ఇందాక నేను చేసింది ఆ ఆఫీసువాళ్లు చేసిన పనే. పుస్తకం తీసి చూపించాను. 50లో 21, లింకు ఖాళీ అన్నాను.

ఇంజనీరు: ఇప్పుడు గోడ మీద రాసే పని మనం మొదలుపెడదాం సార్.

మేనేజరు: మొదలుపెడదాం. కానీ నాదొక షరతు. మొదటి రెండు వారాలు ఏ క్యూ హద్దులూ మార్చొద్దు. ఆ స్విచ్చు ఫోను గుర్తును నమ్మేలా సరిదిద్ది, మూడో కేంద్రంలో కెమెరాల గుర్తు తీసేసి, ఆపైన లెక్క మాత్రమే పెట్టు. మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియకుండా జబ్బు రోజును పోల్చుకోలేం. పరీక్ష ప్యాకెట్లు కేంద్రం వైపు నుంచే మొదలవ్వాలి, ఇక్కణ్నుంచి కాదు. శివారు నుంచే కొలవాలి.

ఇంజనీరు: అలాగే సార్. ఆ రెండు వారాల తర్వాత వరసలు తేల్చే కాగితం కోసం డాక్టరమ్మనూ నర్సునూ పిలుద్దాం.

మేనేజరు: పిలుద్దాం. ఆ రిజిస్టరు ఇటు ఇవ్వమ్మా. ‘‘మాట తెగిపోతోంది’’ అని ఆ అమ్మాయి రాసింది, తెగింది ఎన్ని గంటలకో లేదు. రాయలేదంటే తప్పు ఆమెది కాదు, మనం అడగలేదు. గంట తెలియకపోతే నీ గ్రాఫులో ఏ చోట వెతుకుతాం?

ఆయన బల్ల సొరుగులోంచి స్కేలు తీసి, రిజిస్టరు పేజీ కుడిపక్కన పైనుంచి కిందికి ఒక గీత గీశాడు. ఆ గడి నెత్తిన ‘సమయం’ అని రాశాడు. పేజీ తిప్పి ఇంకో గీత గీశాడు. మిగిలిన రెండు కేంద్రాల రిజిస్టర్లు కూడా తెప్పించమని చెప్పి, మూడో పేజీ తిప్పాడు.